ఆటకు మేనల్లుడు

నేను పదకొండేండ్లు ఒక ఊరికి మేనల్లుడిగ ఉన్న. ఆ ఊర్లె నాకు మేనమామ లేడు.

తెల్వనోళ్ళకు ఇది జర చెప్పాలె. మా జహీరాబాద్ చుట్టుపక్కల జాతర అయితే కబడ్డి పోటీలు పెడుతరు. ఊరి మీద ఊరు ఆడుతది. ఏ ఊరి జట్టుల ఆ ఊరోళ్ళే ఉండాలె, లేకుంటే ఆ ఊరి చుట్టమన్న అయ్యుండాలె. ఇల్లరికం వచ్చిన అల్లుడు నడుస్తడు. మేనమామ ఇంట్ల ఉండే అక్క కొడుకు నడుస్తడు. అందుకని గెలవాలని కడుపుల మంట ఉన్న ఊరోళ్ళు గట్టిగ ఆడేటోన్ని ఎక్కడినుంచో కిరాయికి తెచ్చుకుందురు. ఊరి పెద్ద వాని భుజం మీద చెయ్యేసి, పదిమంది ముందట, వీడు మా అక్క కొడుకు అనేటోడు. అయిపాయె. ఎదుటి ఊరోడు కాదనరాదు. కాదంటే ఆయన అక్కను అబద్ధం చేసినట్టు. అది ఆటతోని ఆగదు, కట్టెలు లేస్తయి. పైగా కాదనేటోని పక్కన గూడ ఒక అక్క కొడుకు తొడ చరుసుకుంట నిలవడే ఉంటడు.

నా భుజం మీద చెయ్యేసిన పటేల్‌కు అసలు అక్కనే లేదు. నలుగురు అన్నదమ్ములు, అంతే. చుట్టూ పది ఊర్లకు ఆ సంగతి ఎరుకే. లేని అక్కకు నేను కొడుకునైన.

మాది న్యాల్‌కల్ అవతల, కర్ణాటక అంచున ఉన్న ఊరు. నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతది, ఎండ కొడితే నెర్రెలిస్తది. ఆ నెర్రెల మీద ఉరికే నా కాళ్ళు నేర్చుకున్నయి. బడికి పోలె. అవ్వ, నాయిన చెరుకు నరకపోతుంటే వాళ్ళెంట నేను గూడ పోతుంటి. కూత మాత్రం ఎవరు నేర్పకుండనే వచ్చింది. ఎదుటోళ్ళ గడిలకు ఒక్కడే పోవాలె, కబడ్డి కబడ్డి అనుకుంట ఊపిరి తెగకుండ ఒకన్ని ముట్టాలె, మళ్ళ నడిమి గీత దాటి బయటపడాలె. దాన్నే మేము కూత అంటం. బాయిల మునిగితే, పైన ఒడ్డు మీది దోస్తులకు భయం పుట్టి ఒర్రేదాంక నేను తేలకపోతుంటి. ఆ ఊపిరి నాది. దాన్ని నాకు ఏ పటేల్ ఇయ్యలె.

మా ఊరి జట్టుల నాకు జాగ లేకుండె. పెద్దిండ్ల పిలగాండ్లు ఆడుతుంటే నేను వాళ్ళ అంగీలు పట్టుకొని నిలవడుతుంటి, కుండల నీళ్ళు ముంచి ఇస్తుంటి. ఒక జాతరల ఒకనికి కాలు బెణికితే, వేరే గతి లేక నన్ను దింపిన్రు. అయిదు కూతలకు పోయిన. ఒక్కసారి గూడ ఒట్టి చేతులతోని రాలె. అయినా మర్సటి జాతరకు మళ్ళ నా చేతిల అంగీలే పెట్టిన్రు.

ఆ అయిదు కూతలు కోహీర్ దిక్కు ఒక ఊరి పటేల్ చూసిండు. చూసినోడు మర్సిపోలె. మనిషిని పంపి పిలిపిచ్చుకున్నడు. పోయిన దినం నన్ను వాకిట్ల కాదు, లోపట మంచం మీద కూసుండబెట్టిండు. జొన్నరొట్టె మీద నెయ్యి పోపిచ్చిండు. 'తిను అల్లుడా' అన్నడు. నేను అంతకుముందు ఎవ్వరింట్ల మంచం మీద కూసోలె. పేర్లు రాసుకునే కాయితం తెచ్చి యాలిముద్ర పెట్టుమంటే పెట్టిన. దాని మీద ఏం రాసిన్రో నాకు తెల్వదు. చదువు రాదు గదా. నా పేరే అనుకున్న.

ఆ ఏడు షీల్డు ఆ ఊరికి పోయింది. మర్సటేడు గూడ.

వాళ్ళ దిక్కు ఎర్రమట్టి, కింద మొరం. పడితే చర్మం లేస్తది. మోచేతులు మానకముందే మళ్ళ చెక్కుకపోతుండె. రెండేండ్లకు కుడిచెయ్యి చిటికెన వేలు వంగుడు బంద్ చేసింది, మూడో ఏట ఎడమ చెవి నలిగి ముద్దయింది. నాకేం ఫికర్ లేకుండె. బొంబాయి రోడ్డు మీద చాయ తాగుతుంటే లారీ డ్రైవర్లు గుర్తువట్టి పైసలు నేనిస్తనంటే నేనిస్తనని కొట్లాడుతుండిరి. బస్సు కండక్టర్ నన్ను ముందర సీటుల కూసుండబెడుతుండె. నా పేరు ఎవరికి తెల్వదు. ఫలానా పటేల్ మేనల్లుడు అంటే మాత్రం అందరికి తెలుసు. నాకు అదే గొప్ప అనిపించింది. గప్పటి నా బుద్ధి గంతే.

ఒక ఏడు ఆఖరు ఆట మా ఊరి మీదనే పడ్డది. పటేల్ నా మొఖం చూసి, ఆడుతవా అల్లుడా, మనసు గుంజుతదా అని అడిగిండు. ఆడుత అన్న. ఎవల అంగీలైతే పట్టుకొని నిలవడ్డనో వాళ్ళను ఒక్కొక్కన్ని గీత బయటికి పంపిన. అంత సంతోషం నాకు పెండ్లినాడు గూడ కాలె, నిజం చెప్పుతున్న. ఆ సంతోషానికి బాయి కాడ మా అవ్వ మాటలు పడ్డది. కన్న ఊరి మీద కూతకు వచ్చినోని తల్లి అన్నరు. ఆమె చేదను బాయిల వదిలేది కాదు, మాటకు మాట ఇచ్చేది కాదు, నీళ్ళు తోడుకొని వచ్చేది. వాళ్ళు మా చుట్టాలమ్మా, వాడు మేనమామ ఊరికి ఆడిండు అని ఒక్కటే అన్నదట.

ఆ మాట అనీ అనీ ఆమె నమ్మబట్టింది. నమ్మేటట్టు చేసినోన్ని నేనే.

గెల్చిన ప్రతి ఏడు పటేల్ నాకు అంతో ఇంతో ఇచ్చి పంపేటోడు. ఒకసారి ఖుషీల ఉండి, లోపటినుంచి ఆకుపచ్చ రైక బట్ట తెప్పిచ్చి నా మీదికి ఇసిరిండు. మా అక్కకు ఇయ్యిరా, తమ్ముడు పంపిండని చెప్పు అన్నడు. చుట్టూ ఉన్నోళ్ళు నవ్విన్రు. నేను నవ్విన. ఇంటికి తెచ్చి అవ్వకు అదే మాట చెప్పి ఇచ్చిన. అవ్వ నవ్వలె. దాన్ని కండ్లకు అద్దుకొని పెట్టెల పెట్టింది. ఆమెకు అన్నదమ్ములు లేరు. పుట్టింటినుంచి రైక బట్ట ఒచ్చుడు ఆమెకు అదే మొదలు.

ఇంకొక మాట గూడ ఆ పటేల్ అంటుండె. నేను ఆఖరు ఆటకు గీత దాటేముందు, ఊరంత ఇనేటట్టు, 'గెల్చుకరా అల్లుడా, పిల్లనిస్త' అని ఒర్రుతుండె. మేనమామ బిడ్డ మీద మేనల్లునికి హక్కుంటదని మాకు పుట్టినకాడినుంచి చెప్పిన ముచ్చటే. ఆయనకు ఇద్దరు బిడ్డలు. చిన్నామెను నేను రెండుమూడుసార్లు చూసి ఉంట, అది గూడ నీళ్ళ చెంబు పెట్టి పోతుంటే. పిల్ల మీద పాణం పోయిందని అబద్ధం చెప్ప. నాకు ఆ మంచం మీద పాణం పోయింది. ఎప్పటికి ఆ మంచం మీద కూసునే హక్కు కావాలె నాకు.

తొమ్మిదో ఏడు గెల్చినంక అవ్వతోని చెప్పిన, పోయి అడుగుమని. అవ్వ ఎనకముందాడింది. ఊరందరి ముందట మాటిచ్చిండు, ఒకసారి గాదు తొమ్మిదిసార్లు, నువ్వు పో అన్న. నాయినను గూడ పొమ్మంటే ఆయన బీడీ పారేసి, 'నేను ఎన్నడు జూడని బామ్మర్ది కాడికి నేనేం పోత' అన్నడు. మా ఇంట్ల తెలివైనోడు ఆయన ఒక్కడే. ఆయన మాట మేము ఇనలె.

అవ్వ ఆ ఆకుపచ్చ బట్టను రైక కుట్టిచ్చుకున్నది. కిలో చక్కెర, కొబ్బరికాయ, పసుపు కుంకుమ సంచిల పెట్టుకొని బస్సెక్కింది. పొద్దుగూకేవరకు వచ్చింది. సంచి ఎట్ల పోయిందో అట్లనే వచ్చింది.

కాదన్నరు బిడ్డా అన్నది. ఏమన్నరు అంటే చెప్పలె. మర్సటి దినం చూస్తే పొయ్యి కాడ గంజి వార్చేటందుకు ఆకుపచ్చ మసిబట్ట ఉన్నది. కొత్త రైక, ఒక్కనాడు తొడిగినది, కుట్లిప్పి మసిబట్ట చేసింది. 

ఇక్కడనే నన్ను చాన మంది అడుగుతరు, అంతైనంక మళ్ళ ఆ ఊరికి ఎందుకు ఆడినవని. సిగ్గులేక ఆడిన. వేరే ఊరోళ్ళు పిలిచిన్రు, వాళ్ళ దగ్గర అంత పెద్ద మైదానం లేదు, అంతమంది జనం రారు. గీత దాటంగనే రెండువేల గొంతులు ఒక్కసారి లేస్తే ఎట్లుంటదో దానికి అలవాటు పడ్డోనికి తెలుస్తది. అవ్వ మొఖం కంటే ఆ గొంతులు నాకు ఎక్కువైనయి. పటేల్ ఆ సంగతే ఎత్తలె. మళ్ళ అదే మంచం, అదే నెయ్యి. పిల్లనిస్త అని మాత్రం ఒర్రలె ఆ ఏడు. చిన్నామె లగ్గం అయిపోయింది.

పదకొండో ఏడు ఆఖరు ఆట. ఒక్క పాయింటు కావాలె. నేను కూతకు పోయి ఒకన్ని ముట్టి తిరిగిన. ముగ్గురు మీద పడ్డరు. పైకాయం ముందుకు వచ్చింది, కాలు మొరంల ఇరికి అక్కడనే ఆగింది. చెరుకు గడను మోకాలికేసి ఇరిస్తే వచ్చే సప్పుడు నాకు చిన్నప్పటినుంచి తెలుసు. అదే సప్పుడు వచ్చింది. ఊపిరి మాత్రం ఇడవలె. కబడ్డి కబడ్డి అనుకుంటనే చెయ్యి చాపి గీతను ముట్టిన. రెఫ్రీ సీటీ కొట్టిండు. గెల్చినం.

షీల్డును భుజాల మీద ఎత్తుకొని డప్పులతోని ఊరంత తిప్పిన్రు. నన్ను నులక మంచం మీద ఏసుకొని పటేల్ ఇంటికి తెచ్చిన్రు. లోపటికి తీస్కపోలె. దొడ్లె, పశువుల కొట్టం పక్కన దింపిన్రు. ఇల్లంత చుట్టాలున్నరు, జాగ లేదు అన్నరు. ఆ రాత్రంత బర్రెలు నెమరేసే సప్పుడు ఇనుకుంట పడుకున్న. తెల్లారి పటేల్ వచ్చి చూసిండు. మోకాలు కుండ లెక్క ఉబ్బింది. జర నయం కాంగనే కబురు పెట్టు, మనకు ఇంక చాన ఆట ఉన్నది అన్నడు. బండి కట్టిచ్చి బొంబాయి రోడ్డు దాంక తోలిచ్చిండు. అక్కడినుంచి ఒక లారీ ఆయన గుర్తువట్టి ఇంటికి చేర్చిండు.

దవాఖానల చూపిస్తే ఆపరేషన్ హైదరాబాద్‌ల చెయ్యాలన్నరు. మాతోని అయ్యేది కాదు. పసరు కట్టు కట్టేటాయన మూడు నెలలు కట్టిండు. అవ్వ పొద్దుమాపు ఆముదం రాసింది. ఒకనాడు రాసుకుంట, ఆ దినం నిన్ను ఎక్కడ పండబెట్టిన్రు అని అడిగింది. చెప్పిన. ఆమె చెయ్యి ఆగింది.

'నన్ను గూడ ఆడనే కూసుండబెట్టిన్రు' అన్నది.

అప్పుడు చెప్పింది మొత్తం. తొవ్వ పొడుగునా తమ్మీ అని పిలవాలె, తమ్మీ అని పిలవాలె అనుకుంట పోయిందట. వాకిట్ల నిలవడంగనే నోట్లెనుంచి పటేలా అనే వచ్చిందట. దొడ్లె కూసుండుమన్నరు. ఇస్తరాకుల అన్నం పెట్టిన్రు. పటేల్ వచ్చి సంగతి ఇని కోపం చెయ్యలె, నవ్విండు. కోపం చేస్తే నయముండు. ఆయన పెండ్లామైతే మంచిగనే మాట్లాడిందట. 'ఆట కోసం అన్న మాటమ్మా, నువ్వు నిజమనుకుంటివా' అన్నదట. మా అవ్వ, లేదమ్మా, ఊకెనే వచ్చిన అన్నదట. చక్కెర సంచి పైట చాటుకు పెట్టుకొని లేచి వచ్చిందట.

నేను నయమైందని రెండుసార్లు కబురు పెట్టిన. ఒట్టిదే, నయం కాలె. జవాబు రాలె. జాతరనాడు కట్టె పట్టుకొని నేనే పోయిన. జనంల ఎనక నిలవడి చూసిన. బీదర్ దిక్కునుంచి వచ్చిన ఒక పడుచు మనిషి, పొడుగ్గ, తేనె రంగు కండ్లు. పటేల్ వాని భుజం మీద చెయ్యేసిండు. వీడు మా అక్క కొడుకు అన్నడు. ఎవ్వరు నవ్వలె. వాడు గీత దాటుతుంటే, గెల్చుకరా అల్లుడా అని ఒర్రిండు. బాగనే ఆడిండు వాడు. ఎడమ దిక్కు తిరిగేటప్పుడు తప్పు చేస్తున్నడు, అది చెప్పేటోడు లేడు.

మా ఊర్లె నాకు పని ఇయ్యలె. కన్న ఊరి మీద ఆడినోడు గదా. జహీరాబాద్ వచ్చి అల్లం మండిల చేరిన. మూట మోసే కాలు కాదు నాది. కూసుండి దబ్బనంతోని సంచుల మూతులు కుట్టేటోన్ని. పెండ్లయింది, పిల్లలైన్రు, అవ్వ నాయిన పోయిన్రు. అవ్వ పోయిననాడు పుట్టింటి చీర కప్పాలె. కప్పేటోళ్ళు లేకుంటే నేనే కొనుక్కొచ్చి కప్పిన.

చదువు అరవై దాటినంక వచ్చింది. సంచి మీద అది పోయే ఊరి పేరు రాస్తరు. ఒకనాడు నేను సోలాపూర్ సంచులను హైదరాబాద్ సంచులల్ల కలిపి కుట్టిన. గుమాస్తా అందరి ముందట తిట్టిండు. మా కోడలు ఆ ముచ్చట ఇని బలపం తెచ్చింది. మామా, రోజు ఒక్క ఊరు నేర్చుకో చాలు అన్నది. గట్ల ఊర్ల పేర్లతోని అక్షరాలు నేర్చిన. ఇప్పుడు ఏ బోర్డు చూసినా చదవకుండ ఉండలేను. ఆలస్యం అయితది, గని చదువుత.

ఆరు నెలల కింద ఆ ఊరినుంచి ఫోన్ వచ్చింది. పటేల్ పోయి చాన ఏండ్లాయె. ఆయన మనుమడు ఇప్పుడు ఊరికి పెద్ద. కొత్త పంచాయితీ భవనం కట్టినం తాతా, పాత ఆటగాండ్లకు సన్మానం చేస్తున్నం, నువ్వు రావాలె అన్నడు. గెల్చిన జట్ల పేర్లన్నీ గోడ మీద రాపిచ్చినం అన్నడు. సన్మానం అంటే నాకు పట్టలేదు. గోడ మీద పేర్లనంగనే మనసు గుంజింది. కొడుకు బండి మీద కూసుండి పోయిన.

సన్మానం షురూ కాకముందే గోడ కాడికి పోయిన. మంచి పెయింటు, నీలం అక్షరాలు. మా జట్టు పేర్లు కింద ఒక పక్కకు ఉన్నయి. ఒకటి చదివిన. రెండు. అందరు గుర్తొచ్చిన్రు, ఎవడు ఏ కాలు పట్టేటోడో, ఎవడు పట్టినట్టు చేసి ఇడిసేటోడో. ఆరు చదివిన. ఏడో దాని కాడ 'పటేల్ గారి మేనల్లుడు' అని ఉన్నది. తప్పు చదివిన అనుకొని మళ్ళ చదివిన. కొడుకును పిలిచి చదివిపిచ్చిన. అదే.

అంటే నేను పదకొండేండ్లు యాలిముద్ర పెట్టిన కాయితం మీద గూడ అదే ఉండెనన్నట్టు.

పటేల్ మనుమన్ని పిలిచి, ఇక్కడ నా పేరు రాపియ్యి బిడ్డా అన్న. పిలగాడు మర్యాదస్తుడే. నన్ను పక్కకు తీస్కపోయి మెల్లగ చెప్పిండు.

'తాతా, పేరు రాస్తే బయటోన్ని పెట్టుకొని గెల్చినమని మనమే ఒప్పుకున్నట్టు గాదా. పక్క ఊరోళ్ళు ఇప్పటికి ఆ షీల్డు మాదే అంటున్రు. మేనల్లుడు అంటే గౌరవమే గదా.'

మంచిది అన్న. పోయి నాకు చూపిచ్చిన కుర్చీల కూసున్న. ఒక్కొక్కరికి శాలువా కప్పుతున్నరు. నా వంతు వచ్చింది. పిలగాడు శాలువా నా భుజం మీద ఏసిండు, వాని తాత చెయ్యేసిన భుజమే. మైకుల రెండు మాటలు చెప్పుమన్నడు. నాకు మైకు కొత్త. అయినా చెప్పిన.

'గోడ మీద నన్ను పటేల్ మేనల్లుడు అని రాసిన్రు. నేను ఒప్పుకుంటున్న. అయితే మా అవ్వ ఈ ఇంటి ఆడిబిడ్డ. ఆమెకు మీరు ఎన్నడు ఒడిబియ్యం పోసిన్రు? ఆమె సచ్చిపోతే పుట్టింటి చీర పట్టుకొని మీ ఇంట్లెనుంచి ఎవరు వచ్చిన్రు? ఆమె ఈ ఇంటికి ఒక్కనాడు వచ్చింది. దొడ్లె బర్రెల కాడ కూసుండబెట్టిన్రు. ఇంటి ఆడిబిడ్డను గట్లనే కూసుండబెడుతరా మీ ఊర్లె?'

 ముందర వరుసల ముసలోళ్ళు నేల చూసిన్రు. వాళ్ళకు తెలుసు. పిలగానికి తెల్వదు, వాడు ఒక్కొక్కరి మొఖం చూస్తున్నడు. నా పేరు రాస్తరా, ఆమెకు పుట్టింటి చీర పెడుతరా, రెంటిల ఒకటి చెయ్యిండి అన్న. శాలువా మలిచి కుర్చీల పెట్టి బండెక్కిన.  ఇంటి గేటు కాడ దిగినంక కొడుకు, నాయనమ్మ సంగతి నాకెప్పుడు చెప్పలేదేంది అన్నడు.

ఎదురుచూసిన. నిజంగనే ఎదురుచూసిన. చీర పట్టుకొని వస్తరేమోనని ఒకటి రెండు వారాలు మండికి గూడ ఆలస్యంగ పోయిన.

పోయిన నెల నేనే బస్సెక్కి పోయిన. పంచాయితీ భవనం తలుపులు తీసే ఉన్నయి. ఒకామె ఊడుస్తున్నది. గోడ కాడికి పోయి చదివిన. ఆరు పేర్లు ఎట్లున్నయో అట్లనే ఉన్నయి. కింద ఏడు అంకె ఉన్నది. అంకె పక్కన తెల్ల సున్నం. కొత్త సున్నం, గోడ రంగుల ఇంకా కలవలె.

ఊడ్చే ఆమె చీపురు ఆపి, ఏం చూస్తున్నవ్ తాతా అన్నది.

కబడ్డి ఎంతమంది ఆడుతరు బిడ్డా అని అడిగిన.

ఏడుగురు అన్నది. అని, తను గూడ గోడ దిక్కు చూసి వేలుతోని లెక్కపెట్టింది.

'ఇక్కడ ఆరుగురే ఉన్నరు గదా.'

'అవును' అన్న. బస్సు టైమైతున్నది, మెట్లు దిగబట్టిన. దిగేటప్పుడే మోకాలు ఎక్కువ పీకుతది.